బీఎంఐ, ఒంటి కొవ్వు, గుండె: కృష్ణా మెట్ట నుంచి చూస్తే

మనిషి బరువును ఎత్తుతో పోల్చి చెప్పే అంకె బాడీ మాస్ ఇండెక్స్. అందరూ బీఎంఐ అంటారు. ఆ బరువులో కొవ్వు ఎంత భాగమో చెప్పేది కొవ్వు శాతం. ఈ రెండింటికీ గుండె జబ్బుకూ సంబంధం ఉంది కానీ అది నేరుగా ఉండదు. బీఎంఐ ఎక్కువున్న వాళ్లందరికీ గుండెపోటు రాదు, తక్కువున్నంత మాత్రాన రాకుండా పోదు. తెలుగువారి విషయంలో ఈ రెండో మాటే ముఖ్యం. బక్కపలచని కాళ్లూ చేతులూ, వాటి మధ్య కాస్త ముందుకు వచ్చిన పొట్ట మన ఊళ్లలో నడివయసు మగవాళ్లలో ఎక్కువగా కనిపించే ఒంటి తీరు. కాటా మీద నిలబెడితే ఆ మనిషి ‘సరైన బరువు’ లెక్కలోకే వస్తాడు. అతని గుండెకు ఉన్న ముప్పు కాటాకు తెలియదు.

ఎన్టీఆర్ జిల్లాలోని రెడ్డిగూడెం మండలం, దానికి పడమరగా ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు పాత కృష్ణా జిల్లాలో మెట్ట భాగం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఇవి విజయవాడ కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి. మామిడి తోటలు, పత్తి, మిర్చి ఇక్కడి బతుకుతెరువు. జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. ఒళ్లు వంచి పనిచేసే మెట్ట జనానికి గుండె జబ్బు రాదన్న నమ్మకం ఒకప్పుడు గట్టిగా ఉండేది. అది ఎందుకు నిలవలేదో అర్థం కావాలంటే ముందు ఈ అంకెలు ఎక్కడ పుట్టాయో తెలియాలి.

అంకె పుట్టుక

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తును దానితోనే హెచ్చించి, వచ్చిన దానితో భాగిస్తే బీఎంఐ వస్తుంది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 65 కిలోల బరువు ఉన్న మనిషికి అది 23.9. బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 1832లో ఈ నిష్పత్తిని గుర్తించాడు. ఆయన వెతికింది జబ్బును కాదు. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చాలన్నది ఆయన ప్రయత్నం. ఈ పద్ధతికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు పెట్టి వైద్యంలోకి తెచ్చింది అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, 1972లో. ఆయన బృందం ఐదు దేశాలకు చెందిన సుమారు ఏడున్నర వేల మంది పురుషుల కొలతలు తీసుకుంది. వారిలో స్త్రీలు లేరు, భారతీయులూ లేరు. పైగా కీస్ దీన్ని సమూహాలను పోల్చడానికి ప్రతిపాదించాడు. ఒక్కొక్కరి ఆరోగ్యం మీద తీర్పు చెప్పే పని తర్వాతి కాలం దానికి అప్పగించింది.

ప్రపంచమంతటా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 18.5 కంటే తక్కువైతే తక్కువ బరువు, 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. ఆసియా వాసులకు ఈ గీతలు సరిపోవని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో చెప్పింది. వారికి 23 దగ్గర నుంచే జాగ్రత్త పడాలని, 27.5 దాటితే ముప్పు ఎక్కువని సూచించింది. భారతీయ వైద్యులు 2009లో ఇంకా తక్కువ హద్దులు పెట్టుకున్నారు: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. ఈ లెక్కన పైన చెప్పిన 65 కిలోల మనిషి అమెరికాలో సరైన బరువువాడు, విజయవాడలో అధిక బరువువాడు. మనిషి మారలేదు. అతని ఒంట్లో కొవ్వు, కండ ఏ పాళ్లలో ఉంటాయన్న అంచనా మారింది.

కాటా చెప్పనిది

కండ బరువే, కొవ్వు బరువే, ఎముకా నీరూ బరువే. బీఎంఐ వాటిని విడదీయలేదు. బస్తాలు మోసి కండ పట్టిన హమాలీకీ, కౌంటరు వెనక కూర్చుని ఒళ్లు చేసిన వ్యాపారికీ ఒకే బీఎంఐ రావచ్చు. వయసు కూడా లెక్కను తిప్పేస్తుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 1991లో ఇచ్చిన సూత్రం బీఎంఐ, వయసు, ఆడా మగా అన్న మూడు వివరాలతో కొవ్వు శాతాన్ని అంచనా వేస్తుంది. 23.9 బీఎంఐ ఉన్న 30 ఏళ్ల మగవాడికి ఆ సూత్రం 19 శాతం కొవ్వు చూపిస్తుంది. అదే బీఎంఐతో 55 ఏళ్ల మగవాడికి 25 శాతం, 55 ఏళ్ల స్త్రీకి 36 శాతం చూపిస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ కండ కరిగి ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది, కాటా మీద ముల్లు కదలదు. పెళ్లినాటి బరువే ఇప్పటికీ ఉందని సంతోషించే వారు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఆ సూత్రం కూడా యూరప్ వారిని కొలిచి తయారు చేసినదే. ఒకే బీఎంఐ ఉన్న ఆసియా వాసికీ యూరప్ వాసికీ పోలిక పెడితే ఆసియా వాసిలో కొవ్వు మూడు నుంచి ఐదు శాతం ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఒక ఫొటో. పుణెలోని కేఈఎం ఆసుపత్రి వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఇద్దరు మనుషుల కొలతలతో శాస్త్రం తేలదు. ఆ ఫొటో వెనక మాత్రం యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో గర్భిణులనూ, పుట్టిన బిడ్డలనూ కొలుస్తూ చేసిన ఏళ్ల పని ఉంది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువుల సగటు 3.5 కిలోలు. పుణె బిడ్డల్లో కండా, పొట్టలోని అవయవాలూ బాగా తక్కువ. చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. చిన్నగా పుట్టిన ఒళ్లు మెదడునూ కొవ్వునూ కాపాడుకుని కండను వదులుకుంటుందన్నమాట. మన సన్నటి ఒంట్లో దాగిన కొవ్వు కథ తిండిపోతుతనంతో మొదలవలేదు, తల్లి కడుపులో కొరతతో మొదలైంది. లావుగా ఉన్నవారిని గేలి చేసేవారు తెలుసుకోవలసిన సంగతి ఇది.

కొవ్వు శాతాన్ని కొలవడానికి దారులు చాలా ఉన్నాయి, దేని లోపాలు దానికి ఉన్నాయి. చేతి ముందూ వెనకా, వీపున, నడుము పైన చర్మాన్ని మడతపట్టి క్యాలిపర్‌తో కొలవడం పాత పద్ధతి. ఖర్చు లేదు, చేసేవారి చెయ్యి తిరిగి ఉండాలి. రెండు రకాల ఎక్స్‌రే కిరణాలతో ఎముక, కండ, కొవ్వులను వేరు చేసే డెక్సా స్కానింగ్ నమ్మదగినది. అది పెద్ద ఆసుపత్రుల్లో, పరిశోధన సంస్థల్లో దొరుకుతుంది. జిమ్ముల్లోనూ ఇళ్లలోనూ వాడే కొవ్వు కాటాలు పాదాల గుండా సన్నని విద్యుత్తును పంపి, అది ఎంత సులువుగా పారిందన్న దాన్ని బట్టి లెక్క కడతాయి. నీరున్న కండలో విద్యుత్తు సులువుగా పారుతుంది, కొవ్వులో ఆగుతుంది. అందుకే ఎండలో చెమటోడ్చి వచ్చి ఎక్కితే ఒక అంకె, నీళ్లు తాగి తేరుకున్నాక ఎక్కితే ఇంకో అంకె వస్తుంది. మే నెలలో మామిడి కోత ముగించుకుని వచ్చిన మనిషికి ఆ యంత్రం చెప్పే మాటకు విలువ తక్కువ. ఎంత కొవ్వు ఉంటే ఎక్కువ అన్నదానికి కూడా ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే గీత లేదు. మగవారిలో 25 శాతం, ఆడవారిలో 30 నుంచి 35 శాతం దాటితే ఎక్కువని సాధారణంగా లెక్కిస్తారు.

ఎంత అన్నదానికంటే ఎక్కడ

గుండె విషయానికొస్తే కొవ్వు ఎంత ఉందో తెలియడం సగం సంగతి. ఎక్కడ ఉందో తెలిస్తేనే మిగతా సగం తెలుస్తుంది. తుంటి మీద, తొడల్లో చర్మం కింద చేరే కొవ్వు పెద్దగా చెరుపు చేయదు. రక్తంలో తిరిగే కొవ్వును తనలో దాచుకుని ఒక రకంగా మేలే చేస్తుంది. ఆ చోటు నిండిపోయాక, లేదా పుట్టుకతోనే ఆ చోటు తక్కువగా ఉన్నప్పుడు, మిగులు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, గుండె పొర మీద చేరుతుంది. పొట్ట లోపలి ఈ కొవ్వు ఊరికే ఉండదు. అందులోంచి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ రేణువులు చిన్నవిగా, చిక్కగా మారి రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరతాయి. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకుండా పోతుంది, షుగర్ మొదలవుతుంది. కొవ్వు కణాలు వాపును పెంచే రసాయనాలను విడుదల చేస్తాయి, బీపీ పెరుగుతుంది. ఏళ్ల తరబడి గోడల్లో పేరుకున్న పూడిక ఒకనాడు చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, గుండె కండరానికి రక్తం అందకపోవడమే గుండెపోటు.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఈ సంగతిని అంకెలతో చూపించింది. మొదటిసారి గుండెపోటు వచ్చిన 15 వేల మందినీ, రాని దాదాపు అంతే మందినీ పోల్చినప్పుడు, బీఎంఐ కంటే నడుము–తుంటి నిష్పత్తే ముప్పును బాగా పట్టి ఇచ్చింది. దక్షిణాసియా వాసులకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాల వారికి 58.8 ఏళ్లకు. ఆ అయిదారేళ్ల తేడా పల్లె కుటుంబంలో పెద్దదే. కూతురి పెళ్లి, కొడుకు చదువు, తోట మీద తీసుకున్న అప్పు తీరడం తరచుగా ఆ ఏళ్లలోనే ఉంటాయి.

తెలుగు నేల మీద దొరికిన సాక్ష్యం

పల్లెల్లో గుండె జబ్బుకు తెలుగునాట దొరికిన గట్టి సాక్ష్యం గోదావరి జిల్లాలది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరిట, బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు కలిసి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను లెక్కించాయి. లక్షా 80 వేల జనాభాలో ఏడాది కాలంలో 1,354 మంది చనిపోయారు. చనిపోయినవారి ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో ఇంటివారిని అడిగి, వైద్యులు కారణాన్ని నిర్ణయించారు. 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి. అంటు వ్యాధులు 13 శాతం దగ్గర ఆగాయి. 2006లో అచ్చయిన ఈ ఫలితాలు పల్లె మరణాల మీద ఉన్న పాత ఊహను తిరగరాశాయి. అది డెల్టా కథ కదా, మెట్టకు వర్తిస్తుందా అని అడగవచ్చు. డెల్టాకు ముందు వచ్చిన మార్పులు మెట్టకు ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ఇంతకంటే లోతైనది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1950ల చివర్లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఒక ప్రయోగం జరిగింది. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందింది, 14 గ్రామాల్లో అప్పటికి ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకుడు సంజయ్ కిన్రా బృందం వారిని వెతికి పట్టుకుని పరీక్షించింది. అంగన్‌వాడీ తిండి అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువగా ఉంది, రక్తనాళాలు మరింత మెత్తగా ఉన్నాయి. కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గర్భిణికి పెట్టిన ముద్ద పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తనాళాల్లో కనిపించిందంటే, గుండె జబ్బు నివారణ కార్డియాలజిస్టు గదిలో కాక అంగన్‌వాడీ వాకిట్లో మొదలవుతుందనే చెప్పాలి. గుండె ఆసుపత్రులకు దక్కే గౌరవం అంగన్‌వాడీ కార్యకర్తకు దక్కకపోవడం అన్యాయం.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మందికి, పురుషుల్లో 31.1 శాతం మందికి బీఎంఐ 25 లేదా అంతకంటే ఎక్కువ. దేశ సగటు స్త్రీలలో 24, పురుషుల్లో 22.9. అదే రాష్ట్రంలో అదే సర్వేలో సుమారు 15 శాతం స్త్రీలు 18.5 కంటే తక్కువ బీఎంఐతో ఉన్నారు. ఒకే వీధిలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో, రెండూ ఉంటాయి.

మెట్టలో ఏం మారింది

మెట్ట భోజనం ఒకప్పుడు జొన్న, సజ్జ, కంది, పెసర మీద నడిచేది. వరి అన్నం పండుగ తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదింట ఆకలిని తీర్చింది, దాని మేలును తక్కువ చేయడం తగదు. దానితోపాటే పాలిష్ పట్టిన బియ్యం మూడు పూటలా కంచంలోకి వచ్చింది. అన్నం గుట్టగా, పప్పు పలచగా, పచ్చడితో ఉప్పూ నూనే దండిగా అన్నది ఇప్పటి సాధారణ కంచం. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దనీ, పప్పులు, మాంసం, చేపల వంటి వాటి వాటా 15 శాతం దాకా ఉండాలనీ చెబుతున్నాయి. మన కంచం అక్కడికి చాలా దూరంలో ఉంది.

తిండి కంటే వేగంగా పని మారింది. దుక్కి ట్రాక్టరుది, కలుపు మందుది, పొలానికి వెళ్లడం బైకు మీద. కూలి పనిలో, ముఖ్యంగా పత్తి తీతలో, మిర్చి కోతలో, ఆడవారి శ్రమ ఇంకా మిగిలి ఉంది. భూమి ఉన్న నడివయసు మగ రైతు ఒంటికి మాత్రం పని బాగా తగ్గింది. రైతునన్న పేరు మిగిలింది, రైతు నడక మిగల్లేదు. ఇక తిండిలో మామిడి సంగతి. దాని గురించి రెడ్డిగూడెం వాడితో వాదన పెట్టుకోవడం కష్టం. ఒక పండు మనిషిని చెరపదు. షుగర్ ఉన్నవారు భోజనం మీద రసాలు పిండుకుని తాగడం వేరు, అన్నం తగ్గించుకుని ఒక ముక్క తినడం వేరు.

పక్కనే ఉన్న ఎ.కొండూరు మండలం తండాలను ఏళ్లుగా పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధిని కూడా ఇక్కడ చెప్పాలి. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుంది, కండ కరుగుతుంది. బీఎంఐ బాగానే కనిపిస్తుంది, విద్యుత్తుతో కొలిచే కాటా పూర్తిగా తప్పు చెబుతుంది. అలాంటి వారికి గుండె జబ్బు ముప్పు చాలా ఎక్కువ. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు కిడ్నీకీ బీపీకీ రెండింటికీ చేటు చేస్తాయి. కాళ్ల వాపు ఉన్న మనిషికి కాటా చూపి భరోసా ఇవ్వకూడదు.

టేపు

ఇన్ని లోపాల మధ్య చవకగా, నమ్మకంగా పనికొచ్చేది దర్జీ టేపు. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ, బట్ట అడ్డం లేకుండా, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు దీనికి బదులు కాదు. పొట్ట ఉన్నవారు ప్యాంటును పొట్ట కిందికి జార్చి కట్టుకుంటారు కాబట్టి ఆ సైజు ఏళ్ల తరబడి మారదు. భారతీయ మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. నడుము ఎత్తులో సగానికి మించకూడదన్న ఇంకో లెక్క కూడా మంచిదే. 165 సెంటీమీటర్ల మనిషికి అది 82.5. గర్భిణులకు ఇవేవీ వర్తించవు. పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలు ఉంటాయి. నెలసరి ఆగిన స్త్రీలలో తొడల నుంచి పొట్టకు కొవ్వు జరుగుతుంది కనుక ఆ వయసులో టేపు అవసరం పెరుగుతుంది.

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. 75 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఏడున్నర కిలోలు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకకు తోడు, రెండు రోజులు కండకు పని పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొట్ట మాడ్చుకుని తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. వయసు మళ్లినవారికి అది ప్రమాదం. సెమాగ్లుటైడ్ అనే కొత్త సూది మందు అధిక బరువు లేదా ఊబకాయంతో పాటు గుండె జబ్బు ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలను కలిపి 20 శాతం తగ్గించినట్టు 2023లో వచ్చిన సెలెక్ట్ అధ్యయనం చూపింది. ఇలాంటివి డాక్టరు చూసి రాయాల్సిన మందులు. బీడీ, సిగరెట్ మానడం మాత్రం ఏ బరువువారికైనా అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

ఛాతీలో బరువు పెట్టినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు పట్టడం ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టకూడదు. షుగర్ ఉన్నవారిలో, ఆడవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. గడ్డను కరిగించే సూది తొలి గంటల్లో పడితేనే గుండె కండరం మిగులుతుంది. మెట్ట ఊళ్ల నుంచి విజయవాడ చేరే సమయం తక్కువేమీ కాదు. కాబట్టి 108కు వెంటనే ఫోన్ చేసి, ఆ సూది వేసే దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేరడం మేలు.

అంత దూరం రాకముందే ముప్పును పట్టుకునే ఏర్పాటు ఊళ్లోనే ఉంది. బీపీ, షుగర్ వంటి జబ్బుల నివారణకు నడిచే జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన వారందరికీ ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక పత్రం నింపుతుంది. దానిలో ఆరు ప్రశ్నలకు మార్కులు: వయసు, పొగాకు, మద్యం, నడుము, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా అన్నది. మగవారి నడుము 90 దాటితే ఒక మార్కు, 100 దాటితే రెండు. ఆడవారికి 80, 90. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. రోజూ బీడీ కాల్చే, 96 సెంటీమీటర్ల నడుము ఉన్న 45 ఏళ్ల పత్తి రైతుకు వయసుకు రెండు, బీడీకి రెండు, నడుముకు ఒకటి, కలిపి ఐదు మార్కులు. అతని బీఎంఐ ఎంతో ఆ మార్కుల లెక్కలో లేదు. అతను వెళ్లాల్సింది ఊళ్లోని హెల్త్ క్లినిక్‌కు, బీపీ, షుగర్ చూపించుకోవడానికి.